పండు సముద్రం చూసిన వేసవి

వానలు మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంటు లిఫ్టులో తడిసిన కుక్క వాసన వేస్తుంది. మూడో అంతస్తు వాళ్ళ కుక్క వానలో తిరిగొచ్చి, లిఫ్టులోనే ఒళ్ళు విదిలించుకుని దర్జాగా వెళ్ళిపోతుంది. అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం తలుపు తెరుచుకునేలోగా ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను.

మా పండు ఒంటి వాసన అది. సామర్లకోట రైల్వే క్వార్టర్స్‌లో మేమున్న రోజుల్లో, ఒక ముసురు పట్టిన సాయంత్రం మురుగుకాలవ పక్కన వణుకుతున్న కుక్కపిల్లను అమ్మ చీర కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. తాటిపండు రంగులో ఉన్నాడని పండు అని పేరు పెట్టింది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఊరంతా కాగుతున్న బెల్లప్పాకం వాసన ముసురుకుని ఉంటే, సాయంత్రం పూట అమ్మ వీధి అరుగు మీద కూర్చుని మల్లెమొగ్గలు కట్టుకుంటూ, గూడ్సు బళ్ళు లెక్కపెట్టే మమ్మల్ని గదమాయిస్తూ, మధ్యమధ్య పెరుగన్నం ముద్ద చేసి వాడి నోటికి అందించేది. గిన్నెలో పెడితే వాడు ముట్టేవాడు కాదు. అమ్మ చేత్తో పెడితేనే తినేవాడు.

మా ఇంటికి వారం వారం ఉప్పాడ నుంచి నూకాలమ్మ అనే ఆవిడ చేపల బుట్టతో వచ్చేది. మెత్తళ్ళో, కానాగంతలో కొలిచి ఇచ్చాక కూడా లేచేది కాదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, సముద్రం కబుర్లు చెబుతూ, "ఓపాలి మా ఊరు రండి అమ్మగోరూ, మా ఇంటి గుమ్మంలో కూకుంటే సముద్రం కనపడద్ది" అనేది. అమ్మ ప్రతిసారీ వస్తాననే చెప్పేది. ఇరవై మైళ్ళ దూరం కూడా లేని సముద్రాన్ని అమ్మ ఒక్కసారీ చూడలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, కార్తీకంలో, అమ్మ పచ్చకామెర్లతో పోయింది.

నాన్న గూడ్సు ఆఫీసులో గుమాస్తా. అసలే మాట తక్కువ మనిషి. అమ్మ పోయినప్పుడు ఆయన ఏడవలేదు. పదకొండో రోజు దాటాక మామూలుగా డ్యూటీకి వెళ్ళారు, నాకు జడ వెయ్యడం నేర్చుకున్నారు, తమ్ముడు గోపీకి అన్నం కలిపి పెట్టారు. అమ్మ చీరలు నాలుగు నూకాలమ్మకి ఇచ్చేశారు. పండుకి మాత్రం ఏమీ చెయ్యలేకపోయారు. వాడు గేటు దగ్గర ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోడ్డు వైపే చూస్తూ పడుకునేవాడు. ఎవరు పెట్టినా ప్రాణం నిలబడేంత మటుకే మింగేవాడు. వేసవి వచ్చేసరికి వాడి పక్కటెముకలు బయటపడ్డాయి.

"పిల్లలకి సెలవులే కదా బాబుగోరూ, తీసుకురండి. ఆ కుక్కనీ తెండి. ఇక్కడే ఉంటే సచ్చిపోద్దది," అంది నూకాలమ్మ ఒకరోజు.

అలా వెళ్ళాం. కుక్కని చూసి బస్సువాళ్ళు ఎక్కించుకోలేదు. నాన్నకి తెలిసినవాళ్ళ టాపు లేని వ్యాను ఒకటి ఉప్పాడ రేవుకి ఐసు దిమ్మలు తీసుకెళుతుంటే అందులో ఎక్కాం. గోనెసంచుల మీద మేమూ, మా కాళ్ళ కింద వరి ఊకలో ఐసూ, నెత్తిన ఎండ. కరిగి కారుతున్న చల్లటి నీళ్ళని పండు నాలుగుసార్లు నాకి నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. పిఠాపురం దాటాక గాలి మారింది. మొహం మీద జిడ్డుగా ఏదో అంటుకుంటోందని గోపీ గోల పెట్టాడు. అదే ఉప్పుగాలి అన్నారు నాన్న.

నూకాలమ్మది తాటాకు ఇల్లు. నిజంగానే గుమ్మంలో సముద్రం ఉంది. ఇంటి వెనక సరుగుడు చెట్లు గాలికి ఈలలు వేసేవి. ఇసుకలో పరిచిన చాపల మీద వెండి రేకుల్లా ఎండుతున్న చేపలు, వాటికోసం దిగే కాకులు, పడవల కింద నీడలో వలలు బాగుచేసుకునే మగవాళ్ళు. పొద్దున్నే తాటిముంజెలు, మధ్యాహ్నం మామిడికాయ వేసి వండిన మెత్తళ్ళ పులుసు. అమ్మ పోయాక నేనూ గోపీ కడుపారా తిన్నది అక్కడే. పండు మాత్రం అలల్ని చూసి ఒకసారి మొరిగి, నీళ్ళు కాళ్ళకి తగలగానే వెనక్కి పరిగెత్తి, ఇసుకలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకున్నాడు. పీతలు ముక్కు ముందు నుంచి పోతున్నా కదల్లేదు. నూకాలమ్మ పెట్టిన చేప ముక్క అలాగే ఉండిపోయింది.

రెండోరోజు సాయంత్రం మేం చాలా దూరం నడిచి తిరిగి వస్తున్నాం. నూకాలమ్మ మాకు వీపు పెట్టి, వంగి, ఎండిన చేపలు బుట్టలోకి ఎత్తుతోంది. ఒంటి మీద అమ్మ చీర. ఆకుపచ్చది, ఎర్ర అంచుది.

పండు ఆగాడు. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత వాడు పరిగెత్తిన పరుగు నేనెప్పుడూ చూడలేదు. ఏడుపో అరుపో తెలియని శబ్దం చేస్తూ, బక్కచిక్కిన ఒళ్ళంతా ఊగిపోతుంటే, చాపలన్నీ తొక్కుకుంటూ వెళ్ళి ఆవిడ మీద పడ్డాడు. నూకాలమ్మ వెనక్కి తిరిగింది. వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. చేతులు వాసన చూశాడు. ఊగుతున్న తోక మెల్లగా దిగిపోయింది. అప్పుడు చీర కుచ్చెళ్ళలో మూతి దూర్చి, అలాగే కూలబడి, కళ్ళు మూసుకున్నాడు.

"నా బుద్ధి కాలిపోనూ, ఇయ్యాలే కట్టాలా నేనీ చీర!" అంటూ నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది.

నాన్న నా పక్కనే ఉన్నారు. ఉన్నవారు ఉన్నట్టుగా తడి ఇసుకలో కూర్చుండిపోయారు. రెండు చేతులతో మొహం కప్పుకుని, పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అలలు వచ్చి ఆయన పంచె తడుపుతున్నాయి. గోపీ భయపడి నా చెయ్యి పట్టుకున్నాడు. నూకాలమ్మ ఆయన దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. పండు తల నిమురుతూ అక్కడే కూర్చుంది. చీకటి పడబోతుండగా నాన్న లేచి, సముద్రపు నీళ్ళతో మొహం కడుక్కుని, "ఆకలేస్తోందా అమ్మలూ?" అన్నారు.

ఆ పూట నూకాలమ్మ చీర మార్చుకోలేదు. చేపలపులుసు అన్నం ముద్ద కలిపి అరచేతిలో పెట్టి అందిస్తే పండు తిన్నాడు. ఇంకో ముద్ద పెడితే అదీ తిన్నాడు.

బయల్దేరే రోజున పండుని వ్యాను ఎక్కించాం. ఎక్కినవాడు ఎక్కినట్టే దూకేసి వెళ్ళి నూకాలమ్మ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. నేను ఎత్తుకురాబోతే నాన్న వద్దన్నారు. "ఎక్కడ తింటే అక్కడ ఉండనీ తల్లీ" అన్నారు. పిఠాపురం దాకా గోపీ ఏడుస్తూనే ఉన్నాడు. నేను వెనక్కి చూస్తూ కూర్చున్నాను. వాడు వ్యాను వెంట రాలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాత చేపల బుట్టతో పాటు వాడి కబుర్లూ వచ్చేవి. కాస్త ఒళ్ళు చేశాడనీ, పడవలకి ఎదురెళ్ళి మొరుగుతున్నాడనీ, ఇంకో కుక్కని గుమ్మం తొక్కనివ్వడం లేదనీ. కొన్నేళ్ళకి ఒకరోజు నూకాలమ్మ బుట్ట దించకుండానే నిలబడింది. పండుని సరుగుడు చెట్ల కింద పాతిపెట్టామని చెప్పింది. అమ్మ చీర చిరిగిపోయింది కదా, అందులోనే చుట్టామంది. నాన్నకి బదిలీ అయి నిడదవోలు వెళ్ళిపోయాక ఆవిడ సంగతీ తెలియకుండా పోయింది.

కిందటి నెల పని మీద ఆ దారిన పోతూ ఉప్పాడలో ఆగాను. రోడ్డు పక్కన నల్లటి బండరాళ్ళు కుప్పలు పోసి ఉన్నాయి. వాటి మీద అలలు విరిగి రోడ్డు మీద పడుతున్నాయి. చాపలు పరిచే ఇసుక లేదు. నూకాలమ్మ ఇల్లెక్కడని అడిగితే ఒక ముసలాయన, ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందని చెప్పి, పడవలు తేలుతున్న చోటు చూపించాడు. "ఆ ఇళ్ళ వరసంతా అక్కడేనండి ఉండేది" అన్నాడు.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. అన్నం తింటూ, "ఉప్పాడ మీదుగానే వచ్చావా?" అని అడిగారు.

"అవును నాన్నా."

"సముద్రం ముందుకొచ్చేస్తోందని టీవీలో చెబుతున్నారు. ఎందాకా వచ్చింది?"

"సరుగుడు చెట్లు కూడా లేవు నాన్నా."

ఆయన కలుపుతున్న అన్నం మీద చెయ్యి అలాగే ఉంచేశారు. "నీళ్ళంటే భయం వాడికి" అన్నారు.