నవనందులు, రైల్వే గేటు, మా బావ

నంద్యాల చుట్టుపక్కల చూడదగ్గవి ఏమిటని ఎవరైనా అడిగితే, మీతో మా బావలాంటివాళ్లు ఎవరైనా వస్తున్నారా అని నేను ముందు అడుగుతాను. లేకపోతే ఇబ్బందేమీ లేదు. మహానందిలో నీళ్లు అడుగున పడ్డ నాణెం కనిపించేంత తేటగా ఉంటాయి. యాగంటిలో కాకి కనిపించదు. బెలూం గుహల్లో ఒళ్లంతా చెమటలు పోస్తాయి కాబట్టి తువ్వాలు తీసుకుపోవాలి. అహోబిలంలో కోతుల ముందు సంచీ తెరవకూడదు. బావ ఉంటే మాత్రం ఈ కింద రాసింది కూడా చదవాలి.

బావ అంటే మా అక్క భర్త, హైదరాబాదు మనిషి. నేను మొదటిసారి వాళ్ల ఊరు పోయినప్పుడు కదిలే కారులోంచే చార్మినార్ వైపు వేలు చూపించి, చూశావు కదా అన్నాడు. నేను ఎక్కువసేపు చూసింది ఆయన వేలినే. గోల్కొండ సంగతి అడిగితే, రాళ్లే కదా, మీ ఊళ్లో లేవా అన్నాడు. ఇది జరిగి చాలా ఏళ్లయింది కాబట్టి నేను మరిచిపోయి ఉంటానని ఆయన నమ్మకం.

మొన్నటి కార్తీకంలో ఇద్దరూ వచ్చారు. అంతకుముందు బావకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆయన ఐసీయూలో ఉండగా బయట బెంచీ మీద కూర్చుని అక్క మొక్కుకుంది. మనిషి లేచి నడిస్తే కార్తీక సోమవారం నాడు నవనందులూ చూస్తానని. పొద్దు పొడిచాక మొదలుపెట్టి పొద్దు కుంకేలోగా తొమ్మిది గుళ్లూ చూడాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి రావాల్సిందే. మూడు గుళ్లు నంద్యాల ఊళ్లోనే ఉన్నాయి, తక్కినవి మహానంది దగ్గరా, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ. కారుంటే తీరిగ్గా అయ్యే పని. అక్క మాత్రం వారం ముందు నుంచీ సరిగా నిద్రపోలేదు. మొక్కు తీరకపోతే ఆయనకు మళ్లీ ఏమవుతుందోనని ఆమె భయం.

ఆదివారం అహోబిలం తీసుకుపోయాను. దారిలో ఆళ్లగడ్డ దగ్గర శిల్పులు విగ్రహాలు చెక్కే షెడ్లు కనిపిస్తే బావ కారు ఆపించాడు. ఇంకా తల చెక్కని ఒక విగ్రహం వెనక నిలబడి, దాని మెడ మీద తన తల వచ్చేలా ఫోటో తీయించుకున్నాడు. సరిగా రాలేదని మళ్లీ తీయించాడు. ఆ శిల్పి ఉలి పక్కన పెట్టి, ఈయన పని అయ్యేదాకా మర్యాదగా కాచుకున్నాడు. దాంతో ఎగువ అహోబిలానికి పొద్దు చాలలేదు. దిగువనున్నదీ ఆ దేవుడే కదా అన్నాడు బావ. మొక్కు సోమవారానిది కాబట్టి అక్క ఊరుకుంది.

సోమవారం తెల్లారేసరికి కారు వచ్చింది. ముందు ప్రథమనందికి పోదాం, పేరే చెబుతోంది కదా అన్నాను నేను. నంద్యాలవాళ్లకు ఒక జబ్బుంది. ఊళ్లో ఉన్న గుడిని ఎప్పుడైనా చూడొచ్చనుకుని ఎప్పటికీ చూడరు. మా ఆవిడ ఇన్నేళ్లుగా ప్రథమనంది పక్కనుంచే కూరగాయలు తెచ్చుకుంటోంది, ఒక్కనాడూ లోపలికి పోలేదు. ఆమే బావకు సలహా ఇచ్చింది.

"అవి యాడికి పోతాయన్నా, మన ఊర్లోవే గదా. ముందు మహానందికి పోండి, జనం ఎక్కువైతే శానాసేపు నిలబడాల్సొస్తాది. ఊర్లోవి ఇంటికొచ్చేటప్పుడు సూసుకోవచ్చు."

డ్రైవరుది కూడా నంద్యాలే కాబట్టి వెంటనే తలూపాడు. బావ ఫోనులో మ్యాపు చూసి, దూరానివి ముందు చూసుకోవడమే పద్ధతి అని తీర్పు చెప్పాడు. పుట్టింటికి వచ్చిన మనిషి మరదలి మాట కాదనలేదు కాబట్టి అక్క కారెక్కింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నా మాట కూడా ఒక లెక్కేనని ఎవరికీ తోచలేదు.

మహానందిలో జనం మా కోసమే ముందుగా వచ్చినట్టున్నారు. దర్శనం అయ్యాక బావ బయటి గుండంలో దిగాడు. డాక్టర్లు చెప్పినా చేయని వ్యాయామమంతా అందులో చేశాడు. తర్వాత పంచె ఆరేదాకా కూర్చున్నాడు, పులిహోర తిన్నాడు, అరటితోటలో ఫోటోలు దిగాడు. అక్క మాటిమాటికీ తలెత్తి ఎండ చూస్తోంది. శివనంది దారిలో ఆయనకు కునుకు పట్టింది, కుదుపులకు మెలకువ వస్తోందని కారు మెల్లగా పోనివ్వమన్నాడు డ్రైవరుతో. సూర్యనంది దగ్గర టీ తాగనిదే కదలనన్నాడు. ఎవరి ప్రాణం కోసం మొక్కుకున్నదో ఆ ప్రాణం ఇంత హాయిగా ఉంటే, అక్క ఎవరిని తిట్టాలి?

ఆ చుట్టుపక్కల తక్కినవీ ముగించుకుని, ఊళ్లోకి వచ్చి సోమనంది, నాగనంది చూసేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. ఇక ప్రథమనంది ఒక్కటే మిగిలింది. అప్పుడే రైల్వే గేటు పడింది.

నంద్యాల వచ్చేవాళ్లు తప్పక చూడాల్సిన వాటిలో ఈ గేటును ఎవరూ చేర్చరు. చేర్చాలి, ఎందుకంటే దీన్ని చూడ్డానికి కావలసినంత సమయం దొరుకుతుంది. గూడ్సు బండి వచ్చింది, గేటుకు అడ్డంగా నిలబడింది, మళ్లీ కదిలింది. అక్క కారు దిగి గేటు దగ్గర నిలుచుంది. పెట్టె పెట్టెకూ మధ్య సూర్యుడు ఒకసారి కనిపించి మాయమవుతున్నాడు. చివరి పెట్టె దాటాక చూస్తే ఆకాశంలో ఎరుపే మిగిలింది.

గుడి ముందు దీపాలు వెలిగి ఉన్నాయి. అక్క లోపలికి పోలేదు. ఎనిమిది చూశాం కదా, దీనికి ఇక్కడినుంచే దండం పెట్టుకో, దేవుడేమైనా గడియారం పట్టుకుని కూర్చున్నాడా అన్నాడు బావ. హైదరాబాదులో ఇన్నేళ్లుండి అక్క మాట పట్నం మాటైపోయిందని మేమంతా అనుకుంటాం. ఆ పూట నంద్యాల మాట తిరిగొచ్చింది.

"నేను మొక్కుకున్యది దేవునికి. అందులో ఒగటి మాఫీ చేసేకి మధ్యన మీరెవరు? రేపు మీరు రైలెక్కి పోండి. నేను వచ్చే సోమారం సూసుకోని వస్తా."

బావ రైలెక్కలేదు. కాఫీ కలుపుకోవడం రాని మనిషి ఒక్కడే పోయి ఏం చేస్తాడు? వారమంతా మా ఇంట్లోనే ఉండి, మీ ఊళ్లో చూడ్డానికి ఇంకేం ఉన్నాయి అని రోజూ అడిగాడు. యాగంటికి బస్సు బనగానపల్లె మీదుగా పోతుందని చెప్పి, బస్టాండులో వదిలిపెట్టి వచ్చాను. సాయంత్రానికి దారి తప్పకుండా తిరిగొచ్చాడు.

మళ్లీ సోమవారం పొద్దు పొడిచేసరికి ప్రథమనంది గుడి ముందు ఉన్నాం. ఈసారి బావ అందరికన్నా ముందే కారెక్కాడు, టీ అడగలేదు, నీళ్లలో దిగలేదు. చివరిగా శివనందికి చేరేసరికి ఎండ ఇంకా మండుతూనే ఉంది. అక్క లోపల చాలాసేపు ఉండిపోయింది. బయటికి వచ్చి బావ నుదుటన విభూతి పెట్టి, ఆయన చొక్కా గుండీ తీసి, ఛాతీ మీది కుట్ల మచ్చకు కూడా రాసింది. ఆయన చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు.

పోయిన వారమే నా మాట విని ఉంటే బాగుండేదని ఎవరూ అనలేదు. అరచేతిలో మిగిలిన విభూతి మాత్రం అక్క నాకు పెట్టింది.