‘ఎత్తు’ అనే మాట

మొన్న మా బొగ్గుగనుల ఊరు ఖనిలో బస్సు దిగి చౌరస్తా దాటుతుంటే, బొగ్గెత్తే పాత యంత్రానికి పసుపు రంగు వేసి, చుట్టూ కంచె కట్టి నిలబెట్టి ఉంచారు. జనం దాని పక్కన ఫోటోలు దిగుతున్నారు. ఇనుప సామాను అట్లా ఎండకు పెట్టడం నాకు నచ్చలేదు, ఆ రంగు ఖర్చు వేరే దండగ. అయినా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా ఆయనను ముప్పుతిప్పలు పెట్టింది అట్లాంటి యంత్రమే.

మా ఆయన గనిలో ఫిల్లర్. పేల్చిన బొగ్గును పారతో తట్టకెత్తి టబ్బులో పోయాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, జోడీ ఉండాలి. ఈయన తట్ట నింపి ‘ఎత్తు’ అంటే జోడీ నెత్తికెత్తుకునేవాడు. ఆ మనిషి నాకు మరిది వరస, వదినె అని పిలిచేవాడు. ఇద్దరికీ ఒకే సద్దిగిన్నె సర్దేదాన్ని, ఒక గిన్నె తోమే పని తప్పుతుందని. తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో గనిలోకి యంత్రాలు దిగాయి. తట్ట పని బందు అన్నారు. నడపడం నేర్చినవాడు ఇక్కడే ఉంటాడు, నేర్వనివాడు ఎక్కడ ఏ పని చెప్తే అక్కడికి పోవాలి. పోతే క్వార్టర్ వదలాలి, బిడ్డ పదో తరగతి నడుమ ఆగుతుంది. నాకు కూర్చున్నా నిలబడ్డా మనసు ఒకచోట ఉండేది కాదు.

మొదటి పరీక్షలో ఇద్దరూ తప్పారు. యంత్రం తొట్టి నిండగానే మా ఆయన అలవాటు కొద్దీ ‘ఎత్తు’ అని, చేతులు వదిలేసి చూస్తూ కూర్చున్నాడట. జోడీదేమో ఇంకో తంటా. తొట్టి నిండినా, ఎవరో ‘ఎత్తు’ అంటారని ఎదురుచూస్తూ కూర్చున్నాడట. నేర్పే సార్లు నవ్వి, ఇంకొక్కసారి చూస్తామన్నారు.

ఇసుక బకెట్లో రెండు గరిటెలు గుచ్చి, అవే యంత్రం నడిపే కర్రలనుకొమ్మని వాకిట్లో ఇద్దరినీ కూర్చోబెట్టాను. కూర కలపడానికి ఇంట్లో ఒక్క గరిటే మిగిలింది. వాళ్లు పక్కపక్కన ఉంటే పని చక్కగా సాగేది. ఒకరు అనడం, ఇంకొకరు గరిటె లాగడం. నాకు మండింది.

“ఎవలకు చెప్తున్నవ్? ఆడ కుర్సీ ఒక్కటే ఉంటది. నువ్వే అను, నువ్వే ఎత్తు” అన్నాను.

మా ఆయన గొణుక్కుంటూ నేర్చుకున్నాడు. జోడీ మాత్రం తల దించుకున్నాడు.

“నాకు నేనే ఎట్ల చెప్పుకోవాలె వదినె, సిగ్గయితది.”

రెండో పరీక్ష నాడు ఇద్దరూ కలిసే ఇంటికొచ్చారు. మా ఆయన చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడ్డాడు. జోడీయే చెప్పాడు.

“అన్నకు మిషన్ అచ్చింది వదినె. నాకు గోలేటి అచ్చింది.”

గోలేటి అంటే దూరాన ఉన్న ఇంకో గని. చెప్పి, తానే నవ్వాడు. చాయ్ పోశాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

క్వార్టర్ నిలిచిందని నా ప్రాణం కుదుటపడింది. మా ఆయన మాత్రం ఆ తర్వాత డ్యూటీ నుంచి ఒళ్లు అలవకుండా వచ్చి, వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. కూర్చోమంటే విసుక్కునేవాడు. చేతులకు కొత్త పని రావడానికి కొన్ని వారాలు చాలాయి. పక్కన మనిషి లేడన్నది ఒంటబట్టడానికి, నేను చూసినంతలో, మిగిలిన సర్వీసు అంతా పట్టింది.