పాట మధ్యలో ఊపిరి

1986 ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం, సిరొంచలో వడ్ల గోదాము. హాజరైనవారు: మంచిర్యాల నుంచి వచ్చిన రికార్డింగాయన, డోలు వాయించే కుర్రవాడు, ప్రాణహిత మీద పడవ నడిపే అతడు, హార్మోనియంతో బడిపంతులునైన నేను, చాయ్ తెచ్చిన మా ఆవిడ.

డైరీలో ఇంతే రాసుకున్నాను. పడవ నడిపే అతడి మీద నా అసూయను రాయలేదు.

గొంతు గింగురుమనకుండా వడ్ల బస్తాల మధ్య కూర్చున్నాం. క్యాసెట్‌లో మొదటి పాట నేను రాసింది. నేనే పాడాలని నెల రోజులు సాధన చేశాను. రికార్డింగాయన నాలుగుసార్లు పాడించాడు; ఒక్క తప్పూ లేదు.

"మంచిగనే ఉంది సారూ, గని బడిల పాఠం చెప్పినట్టుంది" అని మైకు పడవ నడిపే అతడి వైపు తిప్పాడు.

తెడ్డు వేస్తూ పాడే మనిషి కనుక, చరణం మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం అతడికి అలవాటు. ఆ రోజూ ఆగాడు.

"ఆగు తమ్మీ, జర ఊపిరి తీస్కోనీ" అన్నాడు. డోలు ఆగింది. అందరూ నవ్వారు.

"ఆ మాట చెరిపెయ్యండి" అన్నాను.

"చెరిపితే పాటల ఏం మిగుల్తది సారూ?" అన్నాడు రికార్డింగాయన.

ఆ ఏడంతా ఆ క్యాసెట్ అహేరి బస్సుల్లో, పెళ్లి పందిళ్లలో మోగింది. జనం సరిగ్గా ఆ మాట దగ్గరే చప్పట్లు కొట్టేవారు. కానీ నేను ఓడిపోయింది అప్పుడు కాదు, రికార్డింగు మర్నాడు పొద్దున్నే. మా ఆవిడ పొయ్యి రాజేస్తూ నా పాట పాడుతోంది. చరణం మధ్యలో ఆగి, ఊదుగొట్టం పక్కన పెట్టి, ఎవరూ లేని వంటింట్లో, "ఆగు తమ్మీ, జర ఊపిరి తీస్కోనీ" అంది.