పదిహేడు తప్పులు

ఉప్పల్‌లో మాకు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్పిన సారు చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. మేం రాసిన ప్రోగ్రామును సరిచూసే కంపైలర్ తెర మీద ఎన్ని తప్పులు చూపిస్తే, అరచేతి మీద అన్ని దెబ్బలు. ఆ పాత కంపైలర్ ఎలాంటిదంటే, ప్రోగ్రాంలో వాడబోయే ఒక్క పేరును ముందుగా ప్రకటించడం మరిచిపోతే, ఆ పేరు వాడిన ప్రతి వరుసనూ విడిగా తప్పు కింద రాసేది.

"నేను మర్శింది ఒక్కటే సార్," అన్నాను ఒకసారి.

"మిషిన్ పదిహేడు అన్నది. చెయ్యి సాపు."

పదో దెబ్బకు చర్మం చిట్లింది. రక్తం కీబోర్డు మీద పడితే, నాతోనే తుడిపించి మిగతా ఏడూ కొట్టాడు. ఆ మనిషిని తిట్టుకోకుండా నిద్రపోయిన రోజు లేదు.

ఇప్పుడు నాచారంలో నాకు పాత కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. మొన్న సారు వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. షాపులో ఒక పాత కంప్యూటర్ మీద ఆ కంపైలర్ ఇంకా నడుస్తోందని చూసి మురిసిపోయి, కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. ఒక పేరు ప్రకటించడం మరిచాడు. తెర నిండా తప్పులు.

వాటిని వేలితో లెక్కపెట్టి, లేచి నిలబడి, అరచెయ్యి నా ముందుకు చాపాడు.

"పదకొండు. కొట్టు బిడ్డా."

"మీరు మర్శింది ఒక్కటే సార్."

"మిషిన్ మాట ఇనాలె."

సారును కూర్చోబెట్టి, చాయ్ తాగించి పంపానని ఇంట్లో చెప్పాను. అబద్ధం. బల్ల మీద స్టీలు స్కేలుంది.

పదకొండూ కొట్టాను.