ఆగని ఓవెన్

నాకు కూర్చోవడం రాదు. సిరిసిల్లలో ముప్పై ఏళ్ళు సాంచెల మధ్య తిరిగిన కాళ్ళు ఇవి. పవర్‌లూమ్‌ను మేము సాంచె అంటాం. ఏ సాంచె ఆగితే దాని దగ్గరికి రెంచీ పట్టుకొని ఉరికే జాబర్‌ని నేను. మా షెడ్డు మూతపడ్డాక కూడా చేతులు ఊరుకోలేదు. బాగానే తిరుగుతున్న ఫ్యానును విప్పాను. బాగానే ఉన్న కుక్కర్ పిడి మార్చాను. "నీ చేతులకు తాళం ఏస్త" అనేది మా ఇంటామె.

పోయిన వానాకాలం ఆమెకు మొదటిసారి మూర్ఛ వచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే వెనక్కి పడిపోయింది. ముందుకు పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను. గోళీలు మానొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. గోళీలతో తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నెలకో, రెండు నెలలకో చెప్పకుండా వస్తుంది.

ఆనాటి నుంచి పొయ్యి నాది. నా వంట సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, ఆమె మాత్రం పల్లెత్తు మాట అనకుండా తినేది. ఆమెను బాధపెట్టింది వంట కాదు, చాయ్. ఇన్నేళ్ళు నేను అడగకుండానే నా చేతిలో గిలాస పెట్టిన మనిషి, ఇప్పుడు "కొంచెం చాయ్ పెడ్తవా" అని అడగాల్సి వచ్చింది. రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేక మానేసింది. నాకు ఇల్లు కదలడానికి లేకుండా పోయింది. కాలుగాలిన పిల్లిలా వాకిట్లో ఇటూ అటూ తిరిగేవాణ్ణి.

కోరుట్లలో ఉండే మా బిడ్డ అది చూసి తన ఇంట్లో ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చి ఇచ్చింది. బటన్లు లేవు, గుండ్రంగా తిప్పే మరలు రెండే. "మంట లేదు, పొగ లేదు అమ్మా. కప్పు పెట్టి తిప్పుడే" అన్నది. డాక్టర్‌ను అడిగితే సరే అన్నాడు, కప్పు నిండా పోయొద్దన్నాడు. మరునాటి పొద్దున నేను లేచేసరికి ఆమె పింగాణీ కప్పు పట్టుకొని గడప మీద కూర్చొని ఉంది. మొహంలో ఏదో తిరిగి వచ్చింది. ఓవెన్ టింగ్‌మంటే ఆమెకు చాయ్ అయినట్టు, నాకు సెలవు దొరికినట్టు. పక్కింటామెకు ఓ మాట చెప్పి ఊరిమీద పడేవాణ్ణి. ఒక్కోసారి పనేమీ లేకుండా వేములవాడ దాకా బస్సెక్కి, యాత్రికుల రద్దీ చూసి తిరిగి వచ్చేవాణ్ణి.

ఒక రోజు ఓవెన్ నడవలేదు. మర తిప్పితే ఉలుకు లేదు, పలుకు లేదు. అంతకు ముందు నెలలో ఓవెన్ లోపల నిప్పురవ్వలు వస్తే, ఫోన్‌లో వీడియో చూసి అభ్రకం రేకు కత్తెరతో కొలతకు కోసి నేనే బిగించాను. ఆ గెలుపు నెత్తికెక్కి ఉంది. బిడ్డకు ఫోన్ చేస్తే, "బాపూ, ప్లగ్గు తీసినా దాంట్ల కరెంటు నిల్వ ఉంటదట. ఎంటనె ముట్టకు" అన్నది. ఒక పూట ఆగాను. నా జీవితంలో అంత ఆగడమే గొప్ప.

వెనక డబ్బా విప్పితే ఫ్యూజు పోయి ఉంది. తలుపు దగ్గర చిన్న స్విచ్చులు మూడు కనిపించాయి. తలుపు మూస్తే దాని కొక్కెం పోయి వాటిని నొక్కుతుంది, అప్పుడే ఓవెన్ నడుస్తుంది. తీస్తే ఆగుతుంది. ఆ మూడింట్లో ఒకటి మాడి నల్లబడింది. దాన్ని అంగీ జేబులో వేసుకొని, ఇంటామెను పక్కింటామెకు అప్పజెప్పి బస్సెక్కాను.

కోరుట్లలో బిడ్డ రెండు దుకాణాలు తిప్పింది. మిక్సీ సామాను తప్ప వాళ్ళ దగ్గర ఏమీ లేదు. అక్కడి నుంచి జగిత్యాల. బస్సు ఆగిన ప్రతిచోటా ఇంటికి ఫోన్ చేశాను. నాలుగోసారికి, "బతికే ఉన్న. దిగినంక చెయ్యి" అని పెట్టేసింది.

జగిత్యాల దుకాణదారు మస్కట్‌లో హోటళ్ళ ఫ్రిజ్జులూ ఓవెన్లూ బాగుచేసి తిరిగొచ్చినవాడు. స్విచ్చును లైటు కింద తిప్పి చూశాడు.

"కాకా, గిదొక్కటి మారిస్తె కాదు. మూడూ మార్చాలె. కొక్కెం గూడ అరిగి ఉంటది. సామాను నాలుగు రోజులల్ల అస్తది, అప్పుడు ఓవెన్ పట్కరా."

"నేనే ఏస్కుంట. సాంచెల జాబర్‌ను."

"ఏస్కో. కని డైరెక్ట్ మాత్రం చెయ్యకు" అన్నాడు. అంటే స్విచ్చు తీసేసి, దాని రెండు వైర్లు నేరుగా కలపడం. నేను నవ్వి, ఫ్యూజులు రెండు తీసుకొని బయటపడ్డాను.

మల్యాల దాటేదాకా బాగానే ఉన్నాను. వేములవాడ దగ్గర యాత్రికుల బండ్లకు దారి లేక బస్సు నిలబడింది. నాలుగు రోజులు, నాలుగు రోజులు అని లోపల ఒకటే గొణుగుడు. ఆమె పొద్దున చాయ్ తాగలేదు. నేను పెడతానంటే వద్దన్నది. ఆ నిలబడ్డ బస్సులోనే నాకు ఫోర్కు గుర్తొచ్చింది.

సాంచె మీద అడ్డంగా నేసే పేక పోగు తెగితే ఒక చిన్న ఫోర్కు కదిలి సాంచెను ఆపేస్తుంది. ఆ ఫోర్కు పాడై ఊరికే ఆపుతుంటే, కొత్తది వచ్చేదాకా దాన్ని దారంతో కట్టేసేవాళ్ళం. ఇక సాంచె ఆగదు. ఈ జాబర్ చెయ్యి పెడితే సాంచె ఆగదని షెడ్డు ఆసామి నలుగురిలో మెచ్చుకునేవాడు. అదే నా పేరు, అదే నా గొప్ప.

మరునాడు పొద్దున్నే మాడిన స్విచ్చు వైర్లు కలిపి, తెచ్చిన ఫ్యూజుల్లో ఒకటి వేశాను. ఓవెన్ నడిచింది. తలుపు తీయగానే టప్పున ఫ్యూజు పోయింది. స్విచ్చులు చెడిపోయి తలుపు తీసినా ఓవెన్ ఆగకపోతే ఫ్యూజును పోగొట్టి ఆపడమే ఆ మూడింట్లో ఒక స్విచ్చు పని అని నాకప్పుడు తెలియదు. మిగిలిన స్విచ్చులే అడ్డుపడుతున్నాయనుకొని, ఆ రెంటినీ కూడా తప్పించి రెండో ఫ్యూజు వేశాను. తలుపు మూసి నీళ్ళు పెడితే కాగాయి. ఆపమని ఆ యంత్రం తనకు చేతనైనట్టు చెప్పింది, నేనే వినలేదు.

"చాయ్ పెట్టుకో" అని ఆమెతో చెప్పి, మూతపడ్డ షెడ్ల వైపు పోయాను. పాత దోస్తులకు నా పనితనం చెప్పుకొని, మిర్చీలు తిని, మీసం తిప్పుకుంటూ తిరిగి వచ్చాను.

ఆమె గడప మీద కూర్చొని ఉంది. చేతిలో కప్పు లేదు. ఓవెన్ ప్లగ్గు ఊడదీసి, దానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంది. షెడ్డులో మరమ్మతుకు ఆపిన సాంచె పిడికి మేము అట్లాగే కట్టేవాళ్ళం, ఎవరూ నడపొద్దని. అదే షెడ్డులో ఆమె పదిహేనేళ్ళు పేక దారం కండెలు చుట్టింది.

"పొంగేటట్టుందని నడుమల తలుపు తీసిన" అన్నది. "లైటు ఆరలే. పళ్ళెం తిరుగుడు ఆగలే. గుయ్యిమంటనె ఉంది."

"చెయ్యి లోపట పెట్టినవా?"

"పెట్టలే. పక్కకు జరిగి బోర్డు మీద బంద్ చేసిన."

నా నోరు మంచిది కాదు. నడుమల ఎందుకు తీసినవ్ అని ఆమె మీదే ఎగిరాను. ఆమె నేను అరవడం అయిపోయేదాకా ఆగింది.

"ఫోర్కు కట్టినవు గదా?" అన్నది.

అవునన్నట్టు తల ఊపాను.

"ఫోర్కు కట్టిన సాంచె కాడ ఒక మనిషి నిలబడాలె, కన్ను తిప్పొద్దు, చాయ్‌కి గూడ పోవద్దు అని అందరికి చెప్పెటోనివి. గీడ నిలబడె మనిషిని నేనేనాయె. తలుపు తీసినంక నేను పడిపోతె దాన్నెవలు ఆపుతరు?"

నిజమే. షెడ్డులో ఆ నియమం పెట్టింది నేనే. కట్టిన ఫోర్కుకు బదులు మనిషి కన్ను. ఓవెన్ దగ్గర మాత్రం కన్ను ఏ క్షణాన మూతపడుతుందో తెలియని మనిషిని నిలబెట్టి, మిర్చీలు తినడానికి పోయాను. తలుపు తెరుచుకొని, పాలను మరిగించే కిరణాలు బయటికి కొడుతూ, లైటు వెలుగుతూ, పళ్ళెం తిరుగుతూ, కింద ఆమె పడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది. ఇంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు.

మిగిలిన రోజులు చాయ్ నేనే పెట్టాను. అడగకముందే పెట్టాను. నీళ్ళలాగుందని ఒక రోజు, కషాయమని ఒక రోజు అన్నది, అయినా తాగింది. సామాను వచ్చిందని ఫోన్ రాగానే ఓవెన్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. "ఆడోళ్ళకే ఫ్రీ కాకా, ఓవెన్‌కు లేదు" అని కండక్టర్ నవ్వించాడు.

దుకాణదారు విప్పి, నేను కలిపిన వైర్లు చూశాడు. తిడతాడనుకున్నాను.

"దీన్ని ఎవలు వాడ్తరు?" అని అడిగాడు.

"నా భార్య. ఆమెకు ఫిట్స్ అస్తయి."

అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు. తర్వాత మళ్ళీ తీసుకొని పని మొదలుపెట్టాడు. నేనే వేసుకుంటానని ఈసారి అనలేదు. స్విచ్చులు మూడూ, కొక్కెం మార్చి, కిరణాలు బయటికి వస్తున్నాయేమోనని తలుపు చుట్టూ మీటరు తిప్పి చూసి, ఓవెన్‌ను నా ముందుకు జరిపాడు. నడుస్తుండగా పదిసార్లు నా చేతే తలుపు తీయించాడు. పదిసార్లూ ఆగింది.

ఇంటికి తెచ్చి పెట్టాక ఆమె ఎర్ర పేలిక విప్పి మడిచి దాచింది. కప్పులో నీళ్ళు పెట్టి మర తిప్పింది, తలుపు తీసింది. ఆగింది. మూసింది, మళ్ళీ తీసింది. ఆగింది. అట్లా మూడుసార్లు చూసుకొని నీళ్ళు పారబోసి, పాలు పోసి, చాయ్‌పత్తి వేసి పెట్టింది.

"ఇగ నువ్వు ఏడికన్న పోయి రా" అన్నది, నా వైపు తిరగకుండానే.

నేను చెప్పులేసుకొని గడప దాకా వచ్చాను. బజారు కనబడుతోంది, కాళ్ళు లాగుతున్నాయి. లోపల ఓవెన్ గుయ్యిమంటోంది. కట్టిన ఫోర్కు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాను. టింగ్‌మన్నది. కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కప్పులో చక్కెర కలుపుతున్న చెంచా చప్పుడు వినబడింది. అప్పుడు గడప దిగాను.