బిందె ముట్టని కుక్క

మా కింది వాటాలో ఉండే ఆవిడ మొన్న తన ముసలి కుక్కను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చింది. మెట్ల దగ్గర పలకరిస్తే, "దీనికి మనసులో ఒత్తిడి ఎక్కువైందట అంకుల్, అందుకే మనుషుల మీద పడుతోంది. మాత్రలిచ్చారు" అంది. కుక్కకు మనసేమిటి, దానికి మాత్రలేమిటని నవ్వబోయాను. నవ్వు రాలేదు. మా నాయనను కన్న జేజినాయన పెంచిన కుక్క గుర్తొచ్చింది. యాభైలనాటి మాట, కోడుమూరు దగ్గర పల్లె మాది. ఆ కుక్క నల్లమల నుంచి దారితప్పి వచ్చిన చిరుతను పొలిమేర దాకా తరిమిందని పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. ఆమెది ఆత్మకూరు, చిరుతల సంగతి ఎరిగినది. "అంత దూరం యెట్ల వచ్చె? డోన్‌లో రైలెక్కెనా?" అంది. నిజం చెప్పాలంటే అది చిరుత కాదు, నక్క. ఇంకా నిజం చెప్పాలంటే నక్కను తరిమింది జేజినాయన భార్య, మా జేజి. కుక్క ఆమె కోక చాటున నిలబడి మొరిగింది.

దాని ఘనత వేరే ఉంది. ఎండాకాలం హంద్రి ఏరు ఎండిపోతే మా ఆడవాళ్లు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి బిందెకు పోసుకునేవాళ్లు. ఒక బిందె నిండేసరికి జేజి నడుము పట్టేసేది. అట్లాంటి బిందెలో కుక్క మూతి పెడితే అన్ని నీళ్లూ పారబోయాల్సిందే. అందుకని అది పిల్లగా ఉన్నప్పుడే జేజినాయన ఒక వేసవంతా చింతబరికె పట్టుకుని కాపలా కూర్చున్నాడు. బిందె, గిన్నె, ముంత, ఏది వాసన చూసినా వీపు మీద పడేది. ఆ తర్వాత వసారాలో మూతలు తీసి పెట్టినా అది అటు తల తిప్పలేదు. దాహమైతే ఎద్దుల కుడితితొట్టి దగ్గరకు పోయేది. వచ్చినవాళ్లందరికీ జేజినాయన దాన్ని చూపించి, "మనిషికి లేదప్పా ఈ బుద్ధి" అనేవాడు. మేమూ మురిసిపోయేవాళ్లం.

అది ముసలిదైంది. చెవులు పోయిన సంగతి మేం గమనించలేదు. పిలిస్తే రాకపోతే పొగరనుకున్నాం. కుదురుగా పడుకోలేక గోడల వెంట తిరిగేది. వెనక నుంచి ఎవరొచ్చినా ఉలిక్కిపడి పళ్లు చూపేది. ఒక మధ్యాహ్నం నిద్రలో ఉన్నదాని వీపు మీద జేజినాయన చెయ్యి వేశాడు. కసుక్కున కరిచింది.

కబురు తెలిసి ఆయన తమ్ముడు, మా చిన్నజేజినాయన, దుడ్డుకర్రతో వచ్చాడు. "దానికి పిచ్చి పట్టిండాదిన్నా. పిల్లోళ్లు తిరిగే చోటు. ఇంకా ఏం జూస్తాండావు?" అన్నాడు. మా వైపు దానికి ఒకటే పరీక్ష. పిచ్చికుక్క నీళ్లకు జడుస్తుందని ముందర నీళ్లు పెడతారు. తాగితే బతికినట్టు, తాగకపోతే కర్రే. కుక్కను స్తంభానికి గొలుసుతో కట్టి, ఇత్తడి గిన్నెలో నీళ్లు పెట్టారు. కర్రకూ కుక్కకూ మధ్య నేను చేతులు చాపి నిలబడ్డానని మనవళ్లకు చెబుతుంటాను. నేను గడ్డివామి మీద ఉన్నాను. నిచ్చెన కూడా పైకి లాక్కున్నాను.

అది గిన్నెను చూసి మొహం తిప్పుకుంది. దాహంతో నోటివెంట చొంగ కారుతోంది, ఒళ్లంతా వణుకుతోంది. "సూసినావా, నీళ్లంటే ఎట్ల జడుస్తాందో!" అని చిన్నజేజినాయన కర్ర ఎత్తాడు. లోపలి నుంచి జేజి వచ్చింది.

"దించు కర్ర! అది జడిసేది నీళ్లకు కాదు, మీ అన్నకు. గిన్నె ముట్టితే సంపుతానని నేర్పింది ఆయనే గదా, ఎట్ల తాగుతాది?"

జేజినాయన గుడ్డ చుట్టిన చేత్తోనే గొలుసు విప్పి, దాన్ని తొట్టి దగ్గరికి నడిపించాడు. తొట్టి ఖాళీ చేసిందని రాయాలని ఉంది. నాలుగు గుక్కలు తాగింది, అంతే. తాగుతున్నంతసేపూ కళ్లెత్తి ఆయన చేతినే చూసింది. ఆ చెయ్యి కాస్త కదిలితే తోక కడుపు కిందికి లాక్కుని నేలకు అంటుకుపోయింది. కర్ర పట్టుకున్న మనిషి వైపు ఒక్కసారీ చూడలేదు. "సరేలేన్నా, బతికిపోయె" అని చిన్నజేజినాయన వెళ్లిపోయాడు. జేజినాయన ఎండలో అట్లాగే నిలబడ్డాడు. ఇన్నాళ్లూ బుద్ధి అని చెప్పుకున్నది ఏమిటో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

మర్నాటి నుంచి ఆయన మట్టి మూకుడు నిండా చెలమ నీళ్లు దాని ముందర పెట్టి, గొంతుక్కూర్చుని, దానికి వినపడదని అప్పటికి తెలిసినా "తాగప్పా, ఏమీ అనను, తాగు" అని బతిమాలేవాడు. అది మొహం తిప్పుకునేది. వానలు పడకముందే చచ్చిపోయింది. ఆ రోజు కూడా మూకుడు నిండుగానే ఉంది. భయం నేర్పడానికి ఆయనకు ఒక్క వేసవి చాలింది. దాన్ని మరిపించడానికి మాత్రం అంత కాలం మిగల్లేదు.