బావ టాప్‌స్పిన్‌కు చేట వైద్యం

పలాస ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, టెన్నిస్‌లో మా బావ కొట్టిన ఫోర్‌హ్యాండ్ ఈరోజు గీత లోపల పడింది.

నిన్నటిదాకా ప్రతి బంతీ గోడ దాటి జీడితోటలో పడేది. ఇవాళ కూడా అలాగైతే టెక్కలి పోటీకి జట్టులోంచి తీసేస్తామన్నారట. పొద్దున్నే దిగులుగా మా ఇంటికొచ్చాడు.

“సేటతో జీడిపప్పు పొట్టు సెరుగు బావా. సెయ్యి కింది నుంచి పైకి లేత్తాది, బంతి తిరుగుతాది. ఇచ్ఛాపురం కోచ్ సెప్పాడు,” అన్నాను.

“ఎంత సెరగాలేటి?”

“మా ఇంట్లో ఉన్నదంతా.”

మధ్యాహ్నానికి మా ఆవిడ పని మొత్తం అయిపోయింది. సాయంత్రం బావ బంతులు గిర్రున తిరిగి గీత లోపలే దిగాయి. జట్టులో చోటు నిలిచింది.

ఇప్పుడు ఆ కోచ్‌కు పనసపండు ఇచ్చి దండం పెడతానని రేపటి రైలుకు సిద్ధమవుతున్నాడు. ఆ కోచ్‌ను నేనే పుట్టించాను. ఇచ్ఛాపురంలో ఎవరైనా ఒక్కపూట కోచ్‌గా నిలబడతారా? పనసపండు మీదే.